అవుటర్ దగ్గర ఆగిన పాసింజరు

1938 వేసవి. అప్పట్లో మా ప్రాంతం మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాలో ఉండేది. కంభం, గిద్దలూరు మధ్య ఒక చిన్న స్టేషన్‌లో నేను అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌ని. పగటి డ్యూటీలో టికెట్లూ, తంతీ, సిగ్నళ్లూ అన్నీ నేనే చూసుకోవాలి. నాకు తోడు పాయింట్స్‌మన్ ఖాదర్. మామా అని పిలిచేవాణ్ని. నేను చెబితే లీవర్ లాగి సిగ్నల్ ఇచ్చేది ఆయనే. సిగ్నల్ పడకపోతే బండి స్టేషన్‌లోకి రాకుండా, దూరంగా ఉన్న అవుటర్ సిగ్నల్ దగ్గరే ఆగాలి.

స్టేషన్ ఊడ్చే రాహేలుది దగ్గర్లోని క్రైస్తవుల పేట. పేటంతా వ్యవసాయ కూలీలే. పొద్దుగూకాక చేలో పని చెయ్యం అని ఆ ఏడు వాళ్లు సంఘం కట్టారు. ఊరి పెద్ద ఆసామి రాహేలు మొగుణ్ని బండిచక్రానికి కట్టేసి కొట్టించాడు. అయినా సంఘం చెదరలేదు. వాళ్లతో మాట్లాడటానికి బెజవాడ నుంచి ఒక నాయకుడు ఒకనాటి మధ్యాహ్నం పాసింజరులో వస్తున్నాడని కబురు అందింది.

ఆ మధ్యాహ్నం ఆసామి మనుషులు ఐదుగురు కర్రలతో వచ్చి ప్లాట్‌ఫాం మీద కూర్చున్నారు. బండి వేళకే వస్తుందా అని ఒకడు మర్యాదగానే అడిగాడు. వేళకే అన్నాను. అంతలో కంభం వాళ్లు లైన్ క్లియర్ అడిగారు. దారి ఖాళీగా ఉంది, బండిని పంపండి అని మేం ఇచ్చే అనుమతి అది. ఇచ్చేశాను.

రాహేలు చీపురు పట్టుకొని తలుపు దగ్గర నిలబడింది.

"అయ్యా, ఆయన ఈడ దిగితే చంపుతారు. మావోళ్లు అవుటర్ కాడ కంపచెట్ల సాటున ఉండారు. బండిని రవ్వంతసేపు ఆడనే నిలపండి."

కుదరదన్నాను. ఉద్యోగం పోతుంది, ఇంట్లో నా భార్య కడుపుతో ఉంది. పోలీసులకు తంతి ఇస్తానన్నాను.

"పోలీసులు రేపొస్తారు. బండి ఇప్పుడొస్తాది," అందామె. ఇంకేం అడగకుండా వెళ్లిపోయింది.

కూత వినిపించింది. ప్లాట్‌ఫాం మీద వాళ్లు కర్రలు చేతికి తీసుకోవడం చూశాను. ఖాదర్ లీవర్ మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన చెయ్యి తీసేశాడు. బండి మలుపు అవతల ఆగి కూతలు వేస్తూనే ఉంది. కర్రలవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఏంది సారూ, బండి ఆడనే నిలబడింది?" అన్నాడు ఒకడు.

సిగ్నల్ వైరు పట్టేసిందన్నాను. నాలుగు నిమిషాలు గడిచాక లీవర్ లాగమన్నాను. బండి రాగానే వాళ్లు పెట్టె పెట్టెనూ వెతికి, తిట్టుకుంటూ వెళ్లారు. ఆ సాయంత్రం పేటలోని ప్రార్థన మందిరంలో, అవుటర్ దగ్గరే దిగిపోయిన నాయకుడితో మీటింగు జరిగింది.

ఆలస్యానికి కారణంగా రిజిస్టర్‌లో కూడా వైరు పట్టేసిందనే రాశాను. మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చి వైరు లాగి చూశాడు. అది బాగానే ఉంది. పాయింట్స్‌మన్ నిద్రపోయి ఉంటాడని తేల్చాడు. ఖాదర్ కాదనలేదు. ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించారు. పక్కనే ఉన్న నేను నోరు విప్పలేదు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు ఖాదర్ ఇంటికి వెళ్లి, జరిగింది పైఅధికారులకు రాసి పంపుతానన్నాను.

"మీకు బిడ్డ పుట్టబోతాంది. నా పిల్లోళ్లు చేతికొచ్చినారు. పోనియ్యండి అయ్యా."

"నేను వద్దంటేనే గదా మామా, నువ్వు చెయ్యి తీసింది."

ఉత్తరం పంపాను. ఖాదర్‌ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. నన్ను గ్రేడు తగ్గించి నల్లమల అడవిలోని స్టేషన్‌కు మార్చారు. నా కూతురు అక్కడే చలిజ్వరాల కాలంలో పుట్టింది. ఆ ఏడు కోతలప్పుడు ఆసామి చేలల్లో పొద్దుగూకే వేళకు పని ఆపేశారని తర్వాత తెలిసింది.

బండి ఆపినందుకు నేనెన్నడూ విచారించలేదు. కానీ కూలీల నాయకుణ్ని కాపాడబోయి, ఆ నేరం ఖాదర్ మీద పడుతుంటే రెండు రోజులు చూస్తూ ఊరుకున్నాను. ఎవరి కోసమైనా నియమం తప్పాల్సి వస్తే, తప్పింది నేనేనని ఆ పూటే రాసి సంతకం పెట్టాలి.