దండం పెట్టుకునే జీపు

గ్లిగోర్ జీపు దండం పెట్టుకుంటుందని మా లోయలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. వాగు దాటి పై పల్లెకు ఎక్కేటప్పుడు, దారి ఉన్నట్టుండి వెనక్కి మడత పడే చోట పాతకాలపు కొయ్య శిలువ ఒకటి ఉంది. దాని నెత్తిన చిన్న రేకు కప్పు, కాళ్ళ దగ్గర ఎవరో ఒకరు పెట్టిపోయే పూలు. గ్లిగోర్ అక్కడికి రాగానే బండి ఆపేవాడు. కాస్త వెనక్కి పోయేవాడు, కాస్త ముందుకు వచ్చేవాడు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. అప్పుడు గాని మలుపు తిరిగేవాడు కాదు. వెనక బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళు తాము కూడా శిలువ గుర్తు వేసుకునేవాళ్ళు. టోపీ ఉన్నవాడు టోపీ తీసేవాడు.

ఆ దండం వెనక ఉన్నది భక్తి కాదనీ, ఆరు ఇనప వాషర్లనీ అతను కాక తెలిసిన మనిషి ఒక్కతే. గ్లిగోర్ భార్య సవేతా.

గ్లిగోర్ గని వాళ్ళ షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఇంటికొచ్చిన మెకానిక్కు. చర్చి గంట వినపడితే పొలం వైపు నడిచే రకం. వరద వచ్చి వాగు మీది వంతెనను పట్టుకుపోయాక, పై పల్లెలో ఉన్న మూడిళ్ళ వాళ్ళకు ఉప్పూ పిండీ చేర్చే దారి లేకపోయింది. గుర్రబ్బండ్లు మా దగ్గర అప్పటికే గుర్రాలు లేక ఆగిపోయాయి. అప్పుడు గ్లిగోర్ పాత మిలటరీ జీపు ఒకటి సంపాదించి, దాన్ని రెండు జానలు పైకి లేపి, లారీ చక్రాలంత చక్రాలు తగిలించాడు. జీపు వాగులో దిగి బర్రెలా నింపాదిగా అవతలికి నడిచిపోయింది. ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది.

ఆ నెలలోనే ముందు ఇరుసు కీలు రెండుసార్లు విరిగింది. ఇంజను బలాన్ని ముందు చక్రానికి అందించే కీలు అది, చంటిపిల్ల పిడికిలంత ఉంటుంది. నాలుగు చేతులుంటాయి కాబట్టి మావాళ్ళు దాన్ని కూడా శిలువ అనే అంటారు. ఒక్కో చేతికీ ఒక ఇనప టోపీ, టోపీ లోపల వరసగా బియ్యపు గింజల్లాంటి సూదులు. గ్లిగోర్ వేళ్ళు లావు. అందుకని ఆ సూదుల్ని గ్రీజులో అద్ది ఒక్కొక్కటే పేర్చే పని సవేతాదే. శనివారం మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద దించి, చేతులు తుడుచుకుని, బండి కిందికి దూరేది. ముద్దలో గ్రీజు వాసన వస్తోందని గ్లిగోరే సణిగేవాడు.

రెండో శిలువ విరిగిన రోజున అతను దాని ముక్కలు వంటింటి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సవేతా చేయి పట్టుకుని ముందుకు చాపించాడు.

"ఇలా సూటిగా ఉంటే బిందె ఎత్తుతావా?"

"ఎత్తుతాను."

ఆ చేతినే వెనక్కి మెలిపెట్టాడు. "ఇప్పుడెత్తు."

"చెయ్యి విరుగుద్ది, వదులు," అంది సవేతా.

"అదే మరి. చక్రం పూర్తిగా పక్కకి తిప్పి యాక్సిలరేటరు తొక్కితే దీని పనీ అంతే. చక్రం చిన్నదైతే ఓర్చుకునేది. నేను ఏనుగు కాలు తగిలించానాయె."

ఆ సాయంత్రమే చక్రం తిరిగే చోట అడ్డుగా ఉండే బోల్టు విప్పి, దాని తల కింద మూడు వాషర్లు వేసి బిగించాడు. రెండో వైపూ అంతే. ఇక చక్రం ఎంత తిప్పినా ఆ బోల్టు దగ్గర ఆగిపోతుంది, శిలువ మెలిపడేదాకా పోదు. నష్టమల్లా ఒక్కటే. ఇరుకు మలుపు ఒక్క ఊపులో తిరగదు. ముందుకీ వెనక్కీ ఆడించుకుంటూ తిప్పుకోవాలి. మా కొండ మీద అంత ఇరుకు మలుపు ఒక్కటే ఉంది, అదీ కొయ్య శిలువ దగ్గరే ఉంది.

మొదటిసారి అలా తిప్పుతున్నప్పుడు బండిలో చర్చి ఫాదరు గారి తల్లి ఉంది. ఇదేంటి బాబూ, ఇక్కడింతసేపు ఆగావని ఆవిడ అడిగింది. గ్లిగోర్ నోటికి ఆ క్షణాన ఏం తోచిందో, దేవుడికి చెప్పుకోకుండా ఈ మలుపు ఎలా ఎక్కుతాను తల్లీ అన్నాడు. ఇంటికొచ్చి భార్యకు చెప్పి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. సవేతా కూడా నవ్వింది. ఆ నవ్వు తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకు అప్పుడేం తెలుసు.

పదకొండేళ్ళు అలా గడిచాయి. మళ్ళీ ఒక్క శిలువ కూడా విరగలేదు. పోయిన శీతాకాలం చివర్లో గ్లిగోర్ గుండె ఆగి పోయాడు. ఫాదరు గారు శవపేటిక పక్కన నిలబడి, ఈయన ఆదివారాలు చర్చికి రాకపోయినా తన చర్చిని కొండ మలుపులో కట్టుకున్నాడని చెప్పారు. జనం ఏడ్చారు. సమాధికి చర్చి గోడ పక్కనే చోటిచ్చారు. మా దగ్గర ఆ చోటు ఊరికే రాదు. సవేతా నల్ల రుమాలు కళ్ళ మీదికి లాక్కుని తల వంచుకుని నిలబడింది. ఎవరికేం చెప్పగలదు?

బండి అల్లుడు పాంఫిల్ చేతికి వచ్చింది. మంచి కుర్రాడు, గట్టిగా మాట్లాడడు, అత్తను గౌరవంగా చూసుకుంటాడు. నిజంగా భక్తుడు కూడాను. మామ చేసినట్టే తానూ శిలువ దగ్గర ఆగుతాడు. టోపీ తీసి, మూడుసార్లు గుర్తు వేసుకుని, పెదవులు కదుపుతాడు. ముందుకీ వెనక్కీ ఆడించడం మాత్రం పెద్దాయన చాదస్తం అనుకున్నాడు. వసంతంలో బండి మొత్తం కడిగి తుడిచినప్పుడు ఆ వాషర్లు కనిపించాయి. తుప్పు పట్టి ఉన్నాయి. మామయ్య ఏదో అతుకుల పని చేసుకున్నాడులే అనుకుని, విప్పి పారేసి, కొత్త బోల్టులు బిగించాడు. ఆ సాయంత్రం జీపు చర్చి ముంగిట ఒక్క ఊపులో గుండ్రంగా తిరిగింది. పాంఫిల్ ముఖం వెలిగిపోయింది.

సవేతా ఆ ఆరు వాషర్లనూ చెత్తలోంచి ఏరి, ఖాళీ జాము సీసాలో వేసి, వంటింటి కిటికీలో పెట్టింది. వారం రోజులు దాని చుట్టూ తిరిగి, చివరికి భోజనాల దగ్గర వాటిని మళ్ళీ పెట్టమని చెప్పింది.

"అవి పాడైపోయాయి అత్తా. మీరు దాని గురించి బెంగ పెట్టుకోకండి," అన్నాడు పాంఫిల్, రొట్టె ముక్క ఆమె వైపు జరుపుతూ.

ఎందుకు పెట్టమంటోందో చెప్పాలంటే ఆ దండం సంగతి చెప్పాలి. ఆ సంగతి చెబితే ఫాదరు గారి మాటలు, గోడ పక్క సమాధి, పదకొండేళ్ళు టోపీలు తీసిన మనుషులు. ఆమె రొట్టె తిని ఊరుకుంది. వేసవిలో ఏమీ కాలేదు. దారి పొడిగా ఉంటే వెనక చక్రాలే లాగేస్తాయి, ముందు చక్రాలకు పని పడదు. ఏమీ కానందుకు ఆమె కూడా కొంచెం నమ్మింది, ఏమీ కాదులే అని.

ఇక ఫిరూత్సా సంగతి. సవేతాకు అక్క, డెబ్భై ఎనిమిదేళ్ళది, పై పల్లెలో ఉంటుంది. మిగతా రెండిళ్ళ వాళ్ళూ సెప్టెంబరులోనే దిగిపోతారు. ఈవిడ దిగదు. మంచు పడితే ఏప్రిల్ దాకా ఆ కొండ మీద మనిషన్నది ఆమె ఒక్కతే. నా దగ్గరికి వచ్చేయవే అని చెల్లెలు ఆరేళ్ళుగా బతిమాలుతోంది. నీ ఇంట్లో గడియారం చప్పుడు నాకు పడదని ఆవిడ ఆరేళ్ళుగా అదే జవాబు.

ఈ అక్టోబరు మొదట్లో ఫిరూత్సా బావి దగ్గర జారిపడింది. గంటసేపు లేవలేకపోయింది. ఫోనులో అదో జోకులా చెప్పింది, కోడిపుంజు వచ్చి తన ఛాతీ మీద నిలబడి కూసిందని. చివర్లో గొంతు తగ్గించి, సుమేద్రు పండగనాడు వస్తానంది. అక్టోబరు ఆఖర్లో గొర్రెల కాపర్లు కొండ దిగే రోజు అది. ఆ రోజు తప్పితే మళ్ళీ అడగొద్దని కూడా అంది. సవేతా ఆ పూటే గోడ గడియారం దించి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది.

పండగకు ముందు వారమంతా వాన. ఆ రోజు తెల్లవారేసరికి వాన ఆగింది గాని, గాలి మారింది. ముక్కుకు మంచు వాసన తగిలింది. సవేతా రెండు దుప్పట్లు, కోళ్ళ కోసం మూత ఉన్న బుట్ట పట్టుకుని పాంఫిల్ పక్కన ఎక్కి కూర్చుంది. నువ్వు రావడమెందుకమ్మా అంది కూతురు. నేను కనిపించకపోతే మీ పెద్దమ్మ తలుపు తీయదంది సవేతా.

వాగు బాగానే దాటారు. అవతల బురద మొదలైంది. పాంఫిల్ ముందు చక్రాలకు కూడా బలం కలిపాడు. సవేతా పాదాల కింద బండి అడుగు మూలిగినట్టయింది. ఎడమ చక్రం వైపు నుంచి టిక్కు, టిక్కు. ఆ చప్పుడు ఆమె వేళ్ళకు తెలుసు.

"నాయనా, కాస్త ఆపు."

"శిలువ దగ్గర ఎలాగూ ఆగుతాంగా అత్తా."

ఆగాడు. టోపీ తీశాడు. మూడుసార్లు గుర్తు వేసుకున్నాడు. పైన చెట్ల మధ్య నుంచి ఫిరూత్సా ఇంటి పొగ కనిపిస్తోంది, పలచగా, నిటారుగా. చెప్పాలంటే అదే సమయం. సవేతా నోరు తెరిచింది కూడా. ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పు, మీ మామ చేసినట్టు చెయ్యి అంది. పాంఫిల్ నవ్వి, ఇప్పుడు ఒక్క ఊపులో తిరుగుతుంది చూడండి అని స్టీరింగు చివరిదాకా తిప్పి, యాక్సిలరేటరు తొక్కాడు.

చక్రం బురదలో గిర్రున తిరిగింది. అడుగున ఉన్న రాయి దొరికి ఒక్కసారిగా పట్టుకుంది. తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

పాంఫిల్ బండి కిందికి దూరాడు. సీటు కింద రేకు డబ్బాలో గ్లిగోర్ ఎప్పుడో దాచిన కొత్త శిలువ ఉంది. సవేతా దాన్ని తీసి, సూదులు జారకుండా దోసిట్లో పట్టుకుని నిలబడింది. కాని విరిగింది శిలువ ఒక్కటే కాదు. దాన్ని పట్టుకుని ఉండే ఇరుసు చెవి కూడా సగానికి ఊడిపోయింది. దానికి ఆ డబ్బాలో మందు లేదు. ముందు చక్రాలు లాగకపోతే ఆ బురదలో పైకి గజం కూడా ఎక్కలేరు. కిందికైతే దిగగలరు.

పాంఫిల్ మోకాళ్ళ మీదే ఉండి తలెత్తాడు.

"నేను దండం పెట్టుకున్నాగా అత్తా. మామయ్యలాగే ఆగాను. మీరు చూశారు."

అప్పుడు చెప్పింది. వాషర్ల సంగతి, మెలిపెట్టిన చేయి, ఫాదరు గారి తల్లి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్విన రాత్రి, అన్నీ చెప్పింది. అతను బురద చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

సవేతా దోసిట్లోని కొత్త శిలువను తిరిగి రేకు డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఫాదరు గారికి తెలుసా?"

"తెలీదు."

పాంఫిల్ కాసేపు కొయ్య శిలువ వైపు చూశాడు. "అయితే నేనూ చెప్పనులెండి," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సవేతాకు.

విరిగిన ముక్కలు ఊడదీసి, బండిని వెనక్కి దించుకుంటూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయింది. అప్పటికే మంచు మొదలైంది. పట్నం నుంచి ఇరుసు రావడానికి వారం పడుతుందన్నారు. మంచు వారం ఆగలేదు, మూడు రోజుల్లో నడుము లోతు పడింది. రెండో రోజు పాంఫిల్ వీపున మందులు, రొట్టె, బంగాళాదుంపలు కట్టుకుని మూడు గంటలు నడిచి పైకి వెళ్ళాడు. కట్టెలు కొట్టి వాకిట్లో పేర్చాడు. వీపు మీద ఎక్కించుకుని దించుతానంటే, నేనేం దూడనా అని ఫిరూత్సా తలుపు వేసుకుందట. పోనీ రక్షణ దళం వాళ్ళను పిలుద్దామంటే, నాకు జబ్బేమీ లేదు, వాళ్ళను జబ్బు చేసినవాళ్ళ దగ్గరికి పొమ్మను అందట.

ఫోను ఆమె కంచె దగ్గర నిలబడితేనే పలుకుతుంది. నాలుగో రోజు పలికింది.

"మూట కట్టుకుని, కోళ్ళను బుట్టలో పెట్టుకుని, గుమ్మంలో సాయంత్రం దాకా కూర్చున్నానే," అంది ఫిరూత్సా. "నీ బుట్ట రాలేదు గాని నా బుట్టలో రెండు గుడ్లు పెట్టాయి."

"అక్కా, తప్పు నాది."

"నీదెలా అవుద్దే. బండిది."

"కాదక్కా, నాదే. గ్లిగోర్..."

"గ్లిగోర్ ఉంటే తీసుకొచ్చేవాడు," అంది ఫిరూత్సా. "భక్తి గలవాడు." గాలి హోరున వీచింది, మాట తెగిపోయింది.

కిటికీలో జాము సీసా ఇప్పుడు ఖాళీ. వాషర్లు ఆరూ మళ్ళీ తమ చోట ఉన్నాయి, పాంఫిలే బిగించాడు. ముందు చక్రం లేని జీపు కొయ్య దిమ్మల మీద వాకిట్లో నిలబడి ఉంది, దాని మీద మంచు. గడియారం ఇంకా అటక మీదే ఉంది. పొద్దున లేవగానే సవేతా వాకిట్లోకి వచ్చి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని కొండ పైకి చూస్తుంది. పొగ వస్తే లోపలికి పోయి పొయ్యి ముట్టిస్తుంది. పొగ ఆలస్యమైన రోజున, వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది.