సెలవుకొచ్చినవాడి నిద్ర

పెనుకొండలో స్టూడియో పెట్టిన కొత్తలో నేను పెళ్లిళ్లు తీసేదాన్ని. నడుము పట్టేయడం మొదలయ్యాక గంటల తరబడి నిలబడే ఆ పని వదిలేసి పసిబిడ్డల ఫోటోలకు మళ్లాను. బాలింత గదిలోకి ఆడమనిషి పోతే ఎవరూ అడ్డు చెప్పరు. హిందూపురం ఆసుపత్రుల నుంచి, మడకశిర పల్లెల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. తేలికైన పని దొరికిందనుకున్నాను. కాదు. పసిబిడ్డ ఫోటోకు పట్టేది ఐదు నిమిషాలు. ఆ బిడ్డ పాలు తాగి, కక్కి, గుడ్డలు తడిపి, ఏడ్చి ఏడ్చి కన్ను మూసేదాకా కూర్చోవడానికి పట్టేది మూడు గంటలు. ఆ మూడు గంటలూ నేల మీదే.

నన్ను పిలిచేవాళ్లలో సగం మంది మిలిటరీ ఇళ్లవాళ్లు. చెనిక్కాయల పంటను నమ్ముకోలేక పటాలంలో చేరిన మగపిల్లలు మా పక్క ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి ఉండడు. వచ్చేసరికి బిడ్డ పాకుతూ ఉంటుంది. ఆ మధ్యలో జరిగిందంతా వాళ్లకు ఫోటోల్లో కావాలి.

చెన్నేకొత్తపల్లి దగ్గరి ఒక పల్లెకు మొదటిసారి అట్లాగే పోయాను. ఇంట్లో ముసలామె, ఆమె కోడలు, సేద్యం చూసుకునే చిన్న కొడుకు. పెద్ద కొడుకు, అంటే కోడలి భర్త, ఎక్కడో మంచుకొండల మీద డ్యూటీలో ఉన్నాడు. కోడలికి చిన్నప్పుడే తల్లి పోయింది కాబట్టి అత్తే పురుడు పోసింది. పుట్టింది ఆడబిడ్డ. నేను తల్లీబిడ్డల ఫోటోలు తీస్తుంటే ముసలామె నా పక్కన వచ్చి కూర్చుంది.

"నా కొడుకు ల్యాకుండా ఇదేమి ఫోటో తల్లీ. వాణ్ని గూడా కలుపు. కంప్యూటర్‌లో కలుపుతారంట గదా."

అప్పట్లో నేను అట్లా కలిపేదాన్ని. చిన్న కొడుకు చేతుల్లో బిడ్డను పెట్టి తీశాను. తర్వాత వాళ్లు పంపిన ఫోటోలోంచి పెద్ద కొడుకు మొహం, యూనిఫారం చొక్కా తెచ్చి అతికించాను. ముసలామె దాన్ని పెద్దది చేయించి గోడకు తగిలించింది.

బిడ్డకు ఎనిమిది నెలలప్పుడు అతను సెలవు మీద వచ్చాడు. ఒకరోజు నన్ను వెతుక్కుంటూ స్టూడియోకు వచ్చాడు. ఎండకు, చలికి చర్మం నల్లబడి, ముప్పై దాటని మనిషి నలభై దాటినట్టున్నాడు.

"అక్కా, ఆ ఫోటోలో మొగం నాదే. చేతులు మా తమ్మునివి," అన్నాడు.

నేను కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

"తప్పు నీది కాదులే. మా అమ్మ అడిగింటాది. దాన్ని చూస్తే నాకు ఎట్లనో ఉండాదక్కా. ల్యానోణ్ని ల్యానట్లే ఉండనీ."

కోపంగా అనలేదు. కాసేపు కూర్చుని టీ తాగి వెళ్లిపోయాడు. నేను ఆ అతికింపు పని మానేశాను.

మధ్యలో అతను ఇంకోసారి సెలవు మీద వచ్చి పోయాడని విన్నాను. రెండేళ్లు పోయాక అతని భార్య ఫోన్ చేసింది. "అక్కా, మగబిడ్డ పుట్టినాడు. ఈతూరి మా ఇంటాయన సెలవు మీద వస్తాండాడు. బిడ్డను ఫస్టు చూసేది నువ్వే తీయాల. రైలు దిగేకాడ నుంచి తీయి."

అతను వచ్చేది బిడ్డకు పంతొమ్మిదో రోజున. పురిటి బిడ్డను గడప దాటించకూడదని ముసలామె పట్టుబట్టింది కాబట్టి, రైలు దిగేది ధర్మవరం స్టేషన్‌లో, బిడ్డను చూసేది ఇంట్లో అని నిర్ణయమైంది. ఆ రోజు పొద్దున్నే నాకు హిందూపురంలో ఇంకో పసిబిడ్డ ఫోటో పని ఉంది. ఎంత ఊపినా ఆ బిడ్డ నిద్రపోలేదు. మూడు గంటలు కూర్చుని ఒక్క మంచి ఫోటో లేకుండా లేచి, రెండు బస్సులు మారి ధర్మవరం చేరాను. రైలు లేటు. ప్లాట్‌ఫారం మీద అతని తమ్ముడు పూలమాల పట్టుకుని తిరుగుతున్నాడు. బెంచీ మీద కెమెరా సంచి తల కింద పెట్టుకుని పడుకుందామా అనిపించింది. సిగ్గుపడి మానుకున్నాను.

రైలు వచ్చింది. అతను నల్ల ట్రంకుపెట్టె ముందు దించి, తర్వాత తాను దిగాడు. నన్ను, నా కెమెరాను చూసి నవ్వాడు. నవ్వాలి కాబట్టి నవ్వే నవ్వు అది. తమ్ముడు మాల వేశాడు. నేను నాలుగు ఫోటోలు తీశాను. నాలుగింటిలోనూ నోరు నవ్వుతోంది, కళ్లు మాత్రం ఎర్రగా మూతలు పడుతున్నాయి.

తమ్ముడు తెచ్చిన బాడుగ కారులో అడిగాను, "ఎప్పుడు నిద్రపోయినావు తమ్ముడూ?"

"లెక్క పెట్టలేదక్కా. కొండ మీద రోడ్డు మూసేసినారు. ఆడ రెండు దినాలు కూచున్న్యా. మళ్లా లారీలో దిగినా. ఢిల్లీలో రిజర్వేషన్ దొరకల్యా. ఈ పెట్టె మీదే కూచోని వచ్చినా."

"ఇప్పుడన్నా కొంచేపు పండుకో."

"ఇప్పుడొద్దులే. వాణ్ని చూసినాక పండుకుంటా."

దారి పొడుగునా కిటికీలోంచి చేలను చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి ముందు ముసలామె ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. పెద్దపాప నాయనను గుర్తుపట్టలేదు. అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కు దాక్కుంది. అతను చెయ్యి చాపితే ఏడుపు మొహం పెట్టింది. అతను చెయ్యి వెనక్కు తీసుకుని, స్నానం చేసి వచ్చాడు.

"యూనిఫారం ఏసుకోరా. ఫోటోలో మిలిటరీవాని మాదిరి ఉండాల," అంది తల్లి.

అతను ట్రంకుపెట్టె తెరిచి మడతలు పడ్డ చొక్కా తీసి వేసుకున్నాడు. కిటికీ పక్కన మంచం మీద కూర్చున్నాడు. భార్య గదిలోంచి బిడ్డను తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. ఆ క్షణాన్ని తీశాను. అతను బిడ్డ మొహంలోకి ఒంగి చూశాడు. ఒక వేలితో చెవి తాకాడు. దగ్గర నుంచి తీద్దామని నేను లెన్స్ మార్చుకున్నాను. తల ఎత్తి చూసేసరికి అతని గడ్డం ఛాతీ మీదికి వాలిపోయింది. బిడ్డ మేలుకుని ఉంది. తండ్రి నిద్రపోయాడు.

"లెయ్‌రా, ఫోటో అయిపోయినాక పండుకుందువు," అంటూ ముసలామె భుజం తట్టబోయింది.

"వద్దత్తా," అంది కోడలు.

ఆ ఇంట్లో ఆమె అత్తకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ముసలామె కూడా ఆగిపోయింది.

"పండుకోనీ అత్తా. బాగా నిద్ర పోతాండావా అని దినామూ ఫోన్లో అడుగుతా. పోతాండా అంటాడు. నన్ను అడిగితే నేనూ అట్లే అంటా. ఇద్దరమూ అబద్ధాలు చెప్పుకుంటా ఉండాము."

ముసలామె గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. కోడలు మంచం మీద అతని పక్కన చేరి, బిడ్డ జారిపోకుండా తన చెయ్యి కింద పెట్టింది. కిటికీలోంచి వెలుతురు ముగ్గురి మీదా పడుతోంది. నేను రెండు ఫోటోలు తీశాను. అంతలో ముసలామె తిరిగి వచ్చి నా చేతిలో కెమెరా చూసింది.

"పండుకున్నోళ్లని తీయకూడదు తల్లీ," అంది మెల్లగా.

ఎందుకో చెప్పలేదు. చెప్పక్కరలేదు. కళ్లు మూసుకున్న మనుషులకు మా ఊళ్లలో ఎప్పుడు ఫోటో తీస్తారో నాకూ తెలుసు. కొడుకును పటాలానికి పంపిన తల్లికి ఇంకా బాగా తెలుసు. కెమెరా సంచిలో పెట్టేశాను. అతను లేచేదాకా చేసేదేమీ లేక గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. పొయ్యి మీద ఉలవచారు వాసన వస్తోంది. ఎప్పుడు కన్ను మూశానో తెలియదు.

మెలకువ వచ్చేసరికి గదిలో వెలుతురు తగ్గింది. నా మీద ఎవరో దుప్పటి కప్పారు. బిడ్డను ఉయ్యాలలో వేశారు. అతను మంచం మీద చొక్కాతోనే అడ్డంగా పడి ఉన్నాడు. పెద్దపాప ట్రంకుపెట్టె మీద కూర్చుని తండ్రినే చూస్తోంది. మేలుకుని ఉంటే భయపడిన పిల్ల, నిద్రపోతున్న మనిషిని తీరిగ్గా కాళ్ల నుంచి తలదాకా చూసుకుంటోంది. మీసాల దగ్గరికి వంగి చూసి మళ్లీ పెట్టె మీద కూర్చుంది. అది తీయదగిన ఫోటో. తీయలేదు. వెలుతురు చాలదని నాకు నేను చెప్పుకున్నాను కానీ, నిజానికి లేవడానికి ఒళ్లు సహకరించలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లి అందరినీ వరసగా నిలబెట్టి తీశాను. ఇస్త్రీ చేసిన యూనిఫారం, పట్టుచీరలు. తండ్రి చంకనెక్కడానికి పెద్దపాప ఒప్పుకుంది. ముసలామెకు తృప్తి కలిగింది.

సెలవు అయిపోయే ముందు రోజు ఆ ఫోటోలు తీసుకుపోవడానికి అతను స్టూడియోకు వచ్చాడు. ఫ్రేము చూసి బాగుందన్నాడు. కానీ లేవలేదు.

"పండుకున్న ఫోటో తీసినావంట గదక్కా."

"అమ్మ వద్దనేలోపే రెండు పడినాయి. తీసేయమంటే ఇప్పుడే తీసేస్తా."

"ఒకతూరి చూపీ."

కంప్యూటర్‌లో తెరిచాను. మొదటిది చూసి, "నోరు తెరుచుకోని ఉండానే," అని కొంచెం నవ్వాడు. రెండోదాని దగ్గర ఆగాడు. అందులో అతని భుజం మీద తల ఆనించి అతని భార్య కూడా కళ్లు మూసుకుని ఉంది. తీసినప్పుడు నేను గమనించనే లేదు.

"ఈమె గూడా పండుకునిందే," అన్నాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పెండ్లయి ఆరేండ్లయింది. ఈమె పండుకునేది నేను సరిగ్గా చూడనే ల్యా అక్కా. నేను లేసేకుండికే లేసింటాది. నేను పండుకున్నంక గూడా ఏదో ఒక పని చేస్తానే ఉంటాది."

అట్లాగే చాలాసేపు చూశాడు. బయట బస్టాండులో బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

"పర్సులో పట్టేంత చిన్నది ఒకటి ఇస్తావా? మా అమ్మకు చెప్పొద్దు."

ప్రింటు తీసి అంచులు కత్తిరించి ఇచ్చాను. వెనక తేదీ రాయమంటావా అని అడిగితే వద్దన్నాడు. పర్సులో పెట్టుకుని, గోడకు తగిలించే పెద్ద ఫ్రేము చంకలో ఇరికించుకుని మెట్లు దిగాడు. ఇంకో పసిబిడ్డ ఫోటోకు నేను మడకశిర పోవాల్సిన బస్సు అప్పటికే నిండిపోయింది. తర్వాతి బస్సు కోసం సంచి భుజాన వేసుకుని నిలబడ్డాను.