మామగారు ముట్టుకోని వారం

మా మామగారు నలభై ఏళ్ళు మగ్గం మీద పనిచేసిన మనిషి. మోకాళ్ళు అరిగాక పటమటలో మా ఇంటికి వచ్చి ఉంటున్నారు. చేతులు ఊరుకోవు కదా, హాల్లోని కంప్యూటర్‌లో గడి గడికీ రంగు నింపుతూ చీర అంచులకు డిజైన్లు గీసి, ఊళ్ళో ఇంకా నేస్తున్న తమ్ముడికి పంపుతుంటారు.

మొన్న వేసవిలో ఆ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఒక గడికి రంగు పడేలోపు ఆయన లేచి మంచినీళ్ళు తాగి వచ్చేవారు. ఏమీ తెరవకపోయినా లోపలి ఫ్యాను ఒకటే రొద. పాతబడిందిలే అనుకున్నాను.

ఒక సాయంత్రం కొత్త అంచు చూపిద్దామని నన్ను పిలిచారు. కాఫీ గ్లాసుతో వెళ్ళి పక్కన నిలబడ్డాను. తెర మూలనుంచి ఒక బొమ్మ లేచింది. బట్టల్లేని ఆడమనిషి, కింద రాయడానికి వీల్లేని మాటలు. ఆయన మూయబోతే ఇంకొకటి, దాని మీద మరొకటి.

"ఇదేంటో నాకు తెలీదమ్మా."

స్విచ్చి కట్టేసి వంటింట్లోకి వచ్చేశాను. ఇలాంటివి చూసేవాళ్ళకే ఇలాంటివి వస్తాయని ఎవరో అనగా విన్నాను. ఈ వయసులో ఇదేం బుద్ధి, ఛీ! భోజనాల దగ్గర ఆయన కంచంలో కూర వేస్తూ మొహం పక్కకి తిప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే చెప్పేశాను.

"మావయ్యగారూ, ఇకమీదట దాని జోలికి వెళ్ళకండి."

"సరేనమ్మా," అన్నారు. అంతే. గళ్ళ కాగితాలు, పెన్సిలు తీసుకుని బాల్కనీలో కూర్చున్నారు. మా ఆయనకు ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వారం తర్వాత మా అమ్మాయి పరీక్ష హాల్‌టికెట్ ప్రింటు తీద్దామని నేనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ వారమంతా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పావుగంటకు గానీ తెర వెలగలేదు. వెలగగానే అవే బొమ్మలు.

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ముస్లిం ఆవిడ ఒకరు గుణదలలో ఉంటారు. ఫోన్ చేస్తే, ఆదివారం మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చారు. రాగానే నెట్ వైరు పీకేశారు. ఏ ప్రోగ్రాం ఎంత పని లాగుతోందో చూపించే పట్టీ తెరిచారు.

"చూడండి మేడం, మీరేం తెరవలేదు. అయినా ఇదొక్కటే మెషీన్‌ని మొత్తం మింగేస్తోంది."

"చెడ్డ సైట్లు చూస్తే వస్తుందాండీ ఇది?" అని నసిగాను.

"అట్లాగే రావాలని లేదండీ. ఎప్పుడు దిగిందో చూద్దాం."

ప్రోగ్రాములను తేదీల వరుసలో పెట్టారు. ఒకే రోజు మూడు దిగి ఉన్నాయి. కంప్యూటర్ వేగం పెంచుతానని చెప్పేది ఒకటి, ఈ మింగేది ఒకటి, ఫైళ్ళు కలిపే ఉచిత ప్రోగ్రాం ఒకటి. ఆ మూడోది దించింది నేనే. అమ్మాయి సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైలుగా పంపాలని, ఏమడుగుతోందో చదవకుండా ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుకుంటూ పోయాను. ఎవడో ఎక్కడో కూర్చుని తయారుచేసిన ఆ పెంటను నా చేతులతోనే ఇంట్లోకి తెచ్చుకున్నాను.

ఆవిడ మూడింటినీ తీసేశారు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే ఆ మింగేది తిరిగి లేచింది! గంటకోసారి దాన్ని లేపమని లోపల ఎక్కడో ఆజ్ఞ రాసిపెట్టారట. అదీ వెతికి తుడిచారు. బొమ్మలు పంపడానికి ఆ ‘నెక్స్ట్’ల మధ్యే బ్రౌజర్‌లో తీసుకున్న అనుమతి రద్దుచేసి, వైరస్ స్కాన్ పెట్టారు. అది నడుస్తుండగా నా ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్పించారు.

ఆవిడ వెళ్ళాక బాల్కనీలోకి వెళ్ళాను.

"మావయ్యగారూ, అది నావల్లే వచ్చింది. నేను మిమ్మల్ని..."

"నువ్వేమనుకున్నావో ఆరోజే తెలిసిందమ్మా," కాగితం మీంచి తల ఎత్తకుండా అన్నారు. "చూడలేదని ఎట్లా చూపించాలి? అందుకని ఊరుకున్నా."

ఆ బొమ్మలకన్నా ఎక్కువగా నా మీద నాకే రోత పుట్టింది. క్షమించమన్నాను. "పోనీలేమ్మా," అన్నారు.

మళ్ళీ కంప్యూటర్‌లోనే గీస్తున్నారు. కాకపోతే, గోడవైపు ఉండే తెరను వంటింట్లోంచి నాకు కనిపించేలా తిప్పి పెట్టుకుంటున్నారు. తిప్పమని ఎవరూ అడగలేదు. రెండుసార్లు నేనే వెనక్కి జరిపాను. మర్నాటికి మళ్ళీ ఇటే తిరిగి ఉంది.