మైనస్ ఐదున్నర

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు అర్థం కాని విషయమంటూ ఒకటి ఉంటుందని ఎవరైనా చెబితే జాలిపడి నవ్వేవాణ్ణి. నరసరావుపేట శివార్లలో ఒక స్పిన్నింగ్ మిల్లులో కంప్యూటర్లు, కెమెరాలు, వాటన్నిటినీ కలిపే నెట్‌వర్కు చూసుకునే పని నాది. మిల్లులో అందరూ నన్ను 'నెట్టు అబ్బాయి' అనేవారు (నేను దోమతెరల వ్యాపారంలో ఉన్నానని మా మేనత్త చాలాకాలం నమ్మింది). అప్పుడే గేటు దగ్గర వేలిముద్ర మిషను పెట్టారు. వేలు పెడితే టైము చూసుకుంటుంది, షిఫ్టు సమయమైతే గేటు తీస్తుంది. ఆ టైము దానికి నేను బిగించిన కొత్త రౌటరు చెప్పాలి. రౌటరేమో ఇంగ్లండు టైములో ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఇందులో ఆలోచించడానికేముంది? టైమ్ జోన్ అన్నచోట ప్లస్ ఐదున్నర అని కొట్టి, షేర్ ఆటో వెళ్ళిపోతుందేమోనని తెరవైపు మళ్ళీ చూడకుండా పరిగెత్తాను.

తెల్లవారి ఇంకా పళ్ళు తోముకుంటుండగానే మేనేజరు ఫోను. ఆయన్ని మేం చాటుగా 'సైరన్' అనేవాళ్ళం, ఎందుకో ఆ రోజు మరీ బాగా తెలిసింది. వెళ్ళి చూద్దును కదా, పొద్దున ఆరు గంటల షిఫ్టు ఆడవాళ్ళంతా గేటు బయటే ఉన్నారు. అందరికంటే ముందు, క్యారేజీ చంకన పెట్టుకుని, మిల్లు మొత్తానికి పిన్ని అయిన ఒక పెద్దావిడ.

"ఒరే అబ్బాయ్, వేలు పెడితే నిన్న రాత్రి ఏడు గంటలంట. నిన్న రాత్రి నేను నాదెండ్లలో మా ఆడబిడ్డ ఇంట్లో ఉన్నా. ఈడికెట్టా వచ్చా?"

"ఏందయ్యా ఇది?" అన్నాడు మేనేజరు. "లోపల మిషన్లు ఆగిపోయినై. ఓనరు గారు వచ్చేలోపు గేటు తీయలేదా, రేపట్నుంచి నువ్వూ ఆ బయటే."

ల్యాప్‌టాప్ తెరిచి, గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను. ఐదున్నర వెనక ఉన్నదానికి ఐదున్నర కలిపాను, సరిపోవాలి కదా? పదకొండు గంటలు వెనక్కి ఎలా పోయింది? సరే, ఇంకా చాల్లేదేమోనని ప్లస్ పదకొండు కొట్టాను. పిన్ని ఆశగా వేలు పెట్టింది.

"నిన్న మధ్యాన్నం అంటంది రా! ఇట్టాగే కొట్టుకుంటా పో, నా పెళ్ళి కాడికి పోతాం."

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. కలిపినకొద్దీ వెనక్కి పోతున్న లెక్క నేను ఏ క్లాసులోనూ చదవలేదు. చివరికి పరువు పక్కన పెట్టి, నాకీ ఉద్యోగం ఇప్పించిన గుంటూరు అన్నకు ఫోన్ చేశాను.

"ఆ రౌటర్లో తిరకాసు రా," అన్నాడు అన్న ఆవులిస్తూ. "మైనస్ అంటే మనం ముందున్నట్టు. ప్లస్ అంటే వెనకున్నట్టు."

"అదెట్టా అన్నా?"

"నన్నడగమాక. మైనస్ ఐదున్నర కొట్టు."

కళ్ళు మూసుకుని కొట్టాను. పిన్ని చీర కొంగుకు వేలు తుడుచుకుని మరీ పెట్టింది. గేటు తెరుచుకుంది. మేనేజరు అందరికంటే ముందు లోపలికి పరిగెత్తాడు.

టీ వేళకు పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. "ఇంతకీ ఏందిరా ఆ గొడవ?" అంది. లోకమంతా ఇంగ్లండులో ఒక ఊరిని బట్టి టైము లెక్కపెడుతుందని, వాళ్ళ టైముకు మన ఐదున్నర గంటలు కలపాలని, కానీ ఈ పెట్టెలో తీసెయ్యాలని చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకే అయోమయం ఎక్కువైంది.

పిన్ని టీ ఊదుకుంటూ అడిగింది. "ముందు తెల్లారేది మనకా, వాళ్ళకా?"

"మనకే."

"మరి వాళ్ళు గదరా మనల్ని టైము అడగాల్సింది?"

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు ఆ మైనస్ సంగతి అడిగితే బోర్డు మీద బొమ్మ గీసి ఎంతో ధీమాగా వివరిస్తాను. వాళ్ళు తలూపుతారు. అర్థమైనట్టే ఉంటారు, పాపం, అచ్చం అప్పటి నాలాగే.