షామియానా కింద వాతావరణ చిత్రణ

ఔటర్ రింగు రోడ్డు మా పక్కనుంచే పోతుందని తేలిన ఆ రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో మనుషులు రెండే రకాలు: భూమి అమ్మినవాళ్లు, అమ్మించినవాళ్లు. మాకు అమ్మడానికి గుంట భూమి లేదు (మా నాన్న, అంటే బాపుది, చేపలు పట్టే పని), కాబట్టి మేము చూస్తూ కూర్చునేవాళ్లం. కిరాణా కొట్టాయన, ఆటో నడిపే మా చిన్నమామ, ఆఖరికి మా తెలుగు సార్ కూడా అమ్మించేవాళ్లలో చేరిపోయారు. వారమంతా పాఠాలు, ఆదివారం ప్లాట్లు కోసిన వెంచర్లో జాగలు చూపించడం. అందుకే ఆయనకు ‘వెంచర్ సార్’ అని పేరు పెట్టుకున్నాం. చెడ్డవారేం కాదు. కథ చెప్పారంటే అందులోని మనుషులు మా బెంచీ మీదికొచ్చి కూర్చునేవారు.

నా కష్టమంతా కథలో భాగాలకు పెట్టిన పేర్లతో. పదో తరగతిలో ఎత్తుగడ, సంఘర్షణ, పాత్ర చిత్రణ, వాతావరణ చిత్రణ, కొసమెరుపు అని ఒక దండు దిగింది. కథ చదివి ఏడవమంటే ఏడుస్తాను గానీ, ఎక్కడ సంఘర్షణ మొదలైందో చూపించమంటే నాకేం తెలుస్తుంది? అర్ధసంవత్సర పరీక్షలో తెలుగు తప్పాను. (లెక్కలు తప్పితే లోకం జాలిపడుతుంది, మాతృభాష తప్పడానికి ప్రత్యేకమైన తెలివి కావాలి.) బాపు తిట్టలేదు. వల బాగుచేసుకుంటూనే తేల్చేశాడు. “ప్రీఫైనల్ల గూడ తప్పినవనుకో, సదువు బంద్. అమ్మెంట తుర్కయాంజాల్ వోయి చేపలమ్ముదువు.” హయత్‌నగర్ కాలేజీకి బస్సులో పోవాలన్న నా ఆశ మొత్తం ఆ పేర్ల దండు చేతిలో చిక్కింది.

అలాంటి సమయంలో సార్ ఆదివారం స్పెషల్ క్లాసు పెట్టారు. బడి తాళం దొరకలేదట, బొంగులూరు దగ్గర వెంచర్లో పెట్టుకుందామన్నారు. పోయి చూస్తే రంగుల జెండాలు, పెద్ద షామియానా, పక్కన బిర్యానీ వాసన. మమ్మల్ని ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టారు. సార్‌కు మామీద ఎంత ప్రేమ అనుకున్నాం. రోడ్డు మీద పోయే కార్లకు షామియానా నిండుగా కనబడాలన్న సంగతి చాలా ఏళ్లకు గానీ నా బుర్రకెక్కలేదు.

పాఠం మంచి ఊపుమీద ఉండగా ఒక కారు దిగి భార్యాభర్తలు వచ్చారు. సార్ గొంతు పెరిగింది. ఇక్కడ చదువుల వాతావరణం ఉందని చూపిద్దామనుకున్నారో ఏమో, నన్ను లేపి, “ఈ జాగలనే కథ నడుస్తుందనుకో. దీని వాతావరణం జర వర్ణించు బిడ్డా, అందరికీ ఇనబడేటట్టు” అన్నారు.

జీవితంలో మొదటిసారి నాకు జవాబు తెలిసింది. ఆ సంతోషంలో గట్టిగా చెప్పాను. “వానకాలమొస్తే ఈడ నడుముల దాంక నీళ్లుంటయి సార్. గా గేటున్న కాడ మా బాపు వలేస్తడు. మస్తు కొర్రమట్ట చేపలు వడ్తయి.”

ఆవిడ తన చెప్పుల కిందికి చూసుకుంది. ఆయనకు ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది. వాళ్ల కారు లేపిన దుమ్ము తగ్గేదాకా సార్ అటే చూసి, “కూసో” అన్నారు. సంఘర్షణ అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు అర్థమైపోయింది.

ప్రీఫైనల్ పేపర్లు దిద్దేది ఆయనే. ప్రశ్న చూడగానే ఆ షామియానా గుర్తొచ్చింది: కథలో వాతావరణ చిత్రణను సొంత ఉదాహరణతో వివరించుము. నిజం రాస్తే చేపల బుట్ట ఖాయం. కాసేపు కలం కొరుక్కుని, అదే బొంగులూరు జాగను మళ్లీ వర్ణించాను. ఎంత వాన కురిసినా అక్కడ చుక్క నీరు నిలవదని, సాయంత్రమైతే పూలతోటల్లో పిల్లలు ఆడుకుంటారని, అది ఎప్పటినుంచో గట్టి మెట్టభూమని. పేపరు తిరిగొచ్చినప్పుడు మార్కులు పాసు గీత దాటి ఉన్నాయి, పక్కన ఎర్ర సిరాతో ‘వర్ణన సజీవం’ అని ఉంది.

ఎగురుకుంటూ ఇంటికి పోయాను. బాపుకు చదువు రాదు, అంత మెచ్చుకునేలా ఏం రాశానో చదివి వినిపించమన్నాడు. రాగం తీస్తూ మొత్తం చదివాను. బాపు పేపరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “మంచిగనే రాసినవ్” అని, దాన్ని నా చేతికిస్తూ అడిగాడు. “మరి నా చేపలన్ని యాడికి వోయినయ్ బిడ్డా?”

బాపు మాట తప్పే మనిషి కాదు. జూన్‌లో తనే వచ్చి హయత్‌నగర్ బస్సెక్కించాడు. ఇప్పుడు నేనూ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. కొసమెరుపుకు ఉదాహరణ చెప్పమని ఎవరైనా లేచి అడిగితే బాపు మాటే నాలుక చివరిదాకా వస్తుంది. అయినా దాన్ని అక్కడే ఆపి, పుస్తకంలో ఉన్న ఉదాహరణే చెప్పి, రాసుకోమంటాను.