సాకెట్ల ఫైలు, నాన్న టెస్టరు

ఆ రోజు ఉదయం పదకొండూ ఇరవై. కంపెనీకి పంపాల్సిన ఫైలు సిద్ధం చేసి, ఎంటర్ మీద వేలు పెట్టాను. నొక్కబోతుండగా, బల్ల మీద పెన్నుల డబ్బాలో నిలబెట్టి ఉన్న మా నాన్న టెస్టరు వెలిగింది. ఇంట్లో అప్పటికి రెండు గంటలుగా కరెంటు లేదు.

వేలు తీసేశాను. ఎందుకు తీశానో ఆలోచించలేదు. లైన్‌మన్ కూతుర్ని. టెస్టరు వెలిగితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది.

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ లెక్కలేదు. పట్టుబట్టి నమ్మడం మానేసినదాన్నీ కాదు, మా ఇంట్లో ఆ ప్రస్తావనే ఉండేది కాదు. నా చిన్నప్పుడు వానలో ఎవరింట్లోనో ఫ్యూజు పోయిందని కబురొస్తే నాన్న శ్మశానం పక్కనుంచే సైకిల్ మీద వెళ్లొచ్చేవాడు. "ఏటీ లేదక్కడ, కప్పలున్నాయి" అనేవాడు. నేను బీటెక్ చదివాను. భయాలు లేవని అనను. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూస్తాను. ప్రతి ప్లగ్గు పాయింటుకీ ప్లాస్టిక్ మూతలు బిగించాను. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే నాకు నిద్ర ఉండదు. కానీ అవన్నీ ఉన్నవాటి గురించిన భయాలు. లేనివాటి గురించి ఎప్పుడూ భయపడలేదు.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. నాకు గుర్తున్నదే రాస్తాను, గుర్తు లేనిది లేదని చెబుతాను.

మేం విజయనగరంలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాం. మా ఆయనకు శ్రీకాకుళంలో ఉద్యోగం, పొద్దున్న రైలెక్కితే చీకటి పడ్డాకే వస్తారు. పాప ఒకటో తరగతి. బాబుకు మూడేళ్లు నిండలేదు. వాడు పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగంలో మళ్లీ చేరి నాలుగు నెలలైంది. ఇంటి నుంచే పని.

మా కంపెనీ సబ్‌స్టేషన్లలో పెట్టే చిన్న పెట్టెలు తయారు చేస్తుంది. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైన్లను ఫీడర్లంటారు. ఏ ఫీడరులో కరెంటు ఉంది, ఏది ఆపి ఉంది అన్నది ఆ పెట్టె తెర మీద చూపిస్తుంది.

నేను చూసేది ఆ పెట్టెల లోపలి సీ లైబ్రరీని, అంటే మిగతా ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల కోడును. రెండు యంత్రాలు నెట్‌వర్కులో మాట్లాడుకోవడానికి ప్రోగ్రాము తెరిచే దారిని సాకెట్ అంటాం. ఆ దారిలో ఏం కావాలన్నా, ఉదాహరణకు జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూడాలన్నా, దానికో పేరూ ఒక నంబరూ ఉంటాయి. అవన్నీ వరసగా రాసి ఉండే ఫైలును హెడర్ అంటాం. అందులో ఉండేవి డిక్లరేషన్లు, ప్రకటనలు మాత్రమే. అసలు పని చేసేది లోపల ఉండి యంత్రాన్ని నడిపే కెర్నెల్. హెడర్లో రాసిన నంబరూ, కెర్నెల్‌కు తెలిసిన నంబరూ ఒకటే కావాలి. కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడల్లా ఈ జాబితాను దానితో సరిచూసి మార్చాలి. తిరిగి చేరాక నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి పని అది.

ఇక్కడ నాన్న గురించి కాస్త చెప్పాలి. నేను మొదటిసారి ఉద్యోగంలో చేరినప్పుడు "ఏటి పనే?" అని అడిగితే, సాకెట్ల మీద అన్నాను. ముఖమంతా నవ్వయింది ఆయనకు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఊరందరికీ చెప్పేశాడు, "మా అమ్మి కూడా సాకెట్లే సేస్తన్నాది" అని. టూ పిన్నా, త్రీ పిన్నా అని ఎవరో అడిగారట. ఇంటికొచ్చి నన్ను అడిగాడు. నేను నవ్వాపుకుని, త్రీ పిన్నే నాన్నా అన్నాను.

"అదీ. ఎర్తింగు ఉండాల" అన్నాడు.

ఆయన నాకు నేర్పిన పని సూత్రం ఒక్కటే. "బోర్డు మీద రాసింది సూసి సెయ్యెట్టకే. రాసినోడెవడో, ఎప్పుడు రాసినాడో. టెస్టరెట్టి సూడు."

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, ఇప్పటికి ఎనిమిదేళ్లవుతుంది, నాన్న స్తంభం మీద పోయాడు. లైను ఆపామని సబ్‌స్టేషన్ నుంచి ఫోన్లో చెప్పారు. నిజంగానే ఆపారు, కానీ పక్క ఫీడరును. ఫీడర్ల స్విచ్చులుండే ప్యానెళ్ల నంబర్లు మార్చి కొన్ని వారాలైంది, ఒకదాని మీద పాత నంబరే ఉండిపోయింది. ఊరి పేరు రాయను. ఆ రోజు డ్యూటీలో ఉన్నతను ఇప్పటికీ మా అమ్మ ఎదురైతే తల దించుకుని పోతాడు.

ఆస్పత్రివాళ్లు నాన్న వస్తువులు కవర్లో వేసి ఇచ్చారు. చొక్కా జేబులోని టెస్టరు నేను తీసుకున్నాను. పసుపు పిడి, మసకబారి ఉంటుంది. ఎన్ని ఇళ్లు మారినా నా పెన్నుల డబ్బాలోనే ఉంది. గోడ పాయింటులో పెట్టి చూసింది మాత్రం లేదు.

నాన్న ఉద్యోగం కారుణ్య నియామకం కింద మా తమ్ముడు సింహాద్రికి వచ్చింది. గజపతినగరం అవతల ఒక సెక్షన్‌లో లైన్‌మన్. మా పెట్టెలను ప్రయోగంగా నాలుగు చోట్ల బిగించారు, వాటిలో వాడి సబ్‌స్టేషన్ ఒకటి. నేను సిద్ధం చేసిన ఫైలు ఆ నాలుగింటికీ ఆ మధ్యాహ్నమే వెళ్లాలి.

ఇప్పుడు ఆ ఉదయం సంగతి. బడులు తెరిచిన వారం అది. చెట్ల కొమ్మలు కొట్టడానికి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కరెంటు ఉండదని ముందురోజే మెసేజ్ వచ్చింది. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, నెట్ ఫోన్ మీద నడుస్తున్నాయి. నా మార్పుకు పరీక్షలన్నీ పాసయ్యాయి. బెంగళూరులో ఉన్న మా సీనియర్ చూసి సరేనన్నాడు. మిగిలింది ఆ ఎంటర్ ఒక్కటే.

టెస్టరు పిడిలో నారింజ రంగు చిన్న వెలుగు. మినుకుమినుకుమనలేదు, నిలకడగా ఉంది. నా కళ్లే అనుకుందును. కానీ నేల మీద గిన్నెలతో ఆడుకుంటున్న బాబు లేచి నిలబడి, వేలు చూపించి, "అమ్మా, లైటు" అన్నాడు.

ముందు వాణ్ణి ఎత్తుకెళ్లి అవతలి గదిలో మంచం మీద కూర్చోబెట్టాను. మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాను. ప్లగ్గు పాయింట్లన్నీ చూశాను, మూతలన్నీ ఉన్నాయి. వెనక్కి వచ్చి చూస్తే ఇంకా వెలుగుతూనే ఉంది.

టెస్టరు ఎలా పని చేస్తుందో తెలిసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొన కరెంటుకు తగలాలి, వెనక వేలు ఉండాలి. ఇక్కడ కొన ప్లాస్టిక్ డబ్బా అడుగున ఉంది. వెనక ఎవరి వేలూ లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ వోల్టేజీకి ఆ రకం బల్బు వెలగదు. ఫోను సిగ్నల్ కోసం కిటికీలో ఉంది. ఫోటో తీయలేదు. తీయాలన్న ఆలోచనే రాలేదు. ఎవరికి చెప్పినా మొదట అడిగేది దాని గురించే.

ఇంట్లో కరెంటున్న తీగ ఒక్కటీ లేదని తేల్చుకున్నాక నాకు మిగిలిన ప్రశ్న ఒకటే. మరి నేను చెయ్యి పెట్టబోయింది దేని మీద?

కూర్చున్నాను. ఎంటర్ నొక్కలేదు. పరీక్షలు పాసయ్యాయన్న మాట పక్కన పెట్టి, ఒక పక్క నా హెడర్, ఇంకో పక్క కెర్నెల్ జాబితా తెరిచి, మొదటి వరస నుంచి ఒక్కో నంబరే సరిచూశాను. అరగంట పైనే పట్టింది. టెస్టరు ఎప్పుడు ఆరిపోయిందో చూడలేదు. తలెత్తేసరికి ఆరిపోయి ఉంది.

తప్పు దొరికింది. జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే నంబరు చాలా రకాల ప్రాసెసర్లలో ఇరవై. మా పాత రకం పెట్టెల్లో ఉన్న ప్రాసెసర్ వేరే జాతిది, దానికి మొదటినుంచీ అది పద్దెనిమిది. అందుకని పాత హెడర్లో దానికి విడిగా ఒక వరస ఉండేది. ఒకే పేరు రెండుసార్లు కనిపించేసరికి, ఎవరో అజాగ్రత్తగా రెండోసారి రాశారనుకుని నేనే కొట్టేశాను. శుభ్రం చేస్తున్నాననుకున్నాను.

ఇరవై అసలు లేని నంబరైతే కెర్నెల్ కాదనేది, మాకు తెలిసేది. కానీ ఆ ప్రాసెసర్లో ఇరవైకి ఇంకో అర్థం ఉంది. కెర్నెల్ సరేనని, అడగని పని ఒకటి చేసి ఊరుకుంటుంది. కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒక్క మాట అనలేదు. పరీక్షలు కొత్త పెట్టెల మీదే నడుస్తాయి. బెంగళూరాయనకూ కనిపించలేదు.

దానివల్ల ఏమయ్యేదో చెబుతాను. అయిదు సెకన్లలో ఫీడరు మీద ఉండే మీటరు నుంచి జవాబు రాకపోతే పెట్టె తెర మీద "తెలియదు" అని ఎర్రగా రావాలి. నా ఫైలు వెళ్లి ఉంటే పాత పెట్టెలు జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోయేవి. తెర మీద చివరిసారి ఏముంటే అదే నిలిచిపోయేది. ఫీడరు "ఆపి ఉంది" అన్నప్పుడు మీటరుతో సంబంధం తెగిందనుకోండి, తర్వాత లైన్లోకి కరెంటు వదిలినా తెర "ఆపి ఉంది" అనే చూపిస్తుంది.

కొట్టేసిన వరస తిరిగి పెట్టాను. ఎలా పట్టుకున్నావని మా సీనియర్ అడిగాడు. మళ్లీ చదివానన్నాను. అది అబద్ధం కాదు. తర్వాత సింహాద్రికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావురా?"

"పనిలో ఉన్నానక్కా. ఏటి, సెప్పు."

"మీ సబ్‌స్టేషన్లో పెట్టె కొత్తదా, పాతదా?"

"పాతదే. తెర మీద గీత కూడా పడ్డాది. ఏటైనాది?"

"అది లైను ఆపి ఉందని చూపిస్తే ఎక్కేస్తావా?"

"ఎర్తు రాడ్డేసే ఎక్కాల. రూలది." పొరపాటున లైన్లోకి కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా తీగకు తగిలించే కడ్డీ అది.

"రూలు అడగలేదురా. నువ్వు?"

"గాలివానలో పదూళ్లోళ్లు ఒకపాలే ఫోన్లు సేస్తారు గదక్కా. తెర సూసి ఎక్కీసిన రోజులున్నాయి. అమ్మతో అనకు."

సాయంత్రం నేరేడు పళ్లు పట్టుకుని వచ్చాడు. చెప్పిందంతా విని పగలబడి నవ్వాడు. "సచ్చి ఎనిమిదేళ్లయినా ఓవర్‌టైము సేస్తన్నాడే మన నాన్న! ఆఫీసోళ్లకి సెప్పకే, డూటీ ఏసీగలరు." నాకూ నవ్వొచ్చింది. "ఇటియ్యి సూద్దాం" అని టెస్టరు తీసుకుని గోడ పాయింటులో పెట్టాడు. అప్పటికి కరెంటు వచ్చేసింది, ఫ్యాను తిరుగుతోంది. టెస్టరు వెలగలేదు. ఇంకో పాయింటులో పెట్టాడు. వెలగలేదు.

వెనక మూత తిప్పి, లోపలివి అరచేతిలోకి దులిపాడు. చిన్న స్ప్రింగు పడింది, నల్లటి రెసిస్టెన్సు ముక్క పడింది. పిడిని వెలుతురుకు పట్టి చూశాడు, మళ్లీ దులిపాడు.

"అక్కా, ఇందల బల్బే లేదే" అన్నాడు. నవ్వడం మానేశాడు.

పెన్నుల డబ్బా బోర్లించాం. బల్ల కింద ఊడ్చాం. గాజు పెంకు కూడా దొరకలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, ఆస్పత్రివాళ్లిచ్చిన కవరు తను విప్పనే లేదంది. నేనూ ఎప్పుడూ మూత తీయలేదు.

ఆ తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. కిటికీలోంచి ఎండ పడి మెరిసిందనుకుందామంటే, ఆ రోజు మబ్బు. తప్పు చేశానని నా మనసుకు లోలోపల తెలిసి, నన్ను ఆపడానికి కళ్లకు అలా చూపించిందని మా ఆయన అంటారు. అది కాదనలేను. చూసింది భ్రమైతే బల్బుతో పని లేదు. అప్పుడు బల్బు లేకపోవడం ఆయన మాటకే బలం. మరి గిన్నెల దగ్గరున్నవాడికి ఏం కనిపించినట్టు? వాడు కనిపించిన ప్రతి మెరుపునూ లైటు అంటాడు, అదీ నిజమే. కానీ వాడి వేలు అటే ఉంది. నేనప్పటికి ఒక్క మాట కూడా అనలేదు.

ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. జరిగిందాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఆ వరస కొట్టేసింది నేనే, తిరిగి పెట్టిందీ నేనే అన్నంతవరకు రూఢిగా చెప్పగలను.

ఆ రాత్రి సింహాద్రి మా ఇంట్లోనే పడుకుని, తెల్లవారుజామునే బండేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు, ఇక తెర ఏం చెప్పినా రాడ్డు వేయకుండా ఎక్కనని నా చేతిలో చెయ్యి వేశాడు.

పొద్దున్న పాపకు జడ వేస్తున్నాను. బాబు నా ఒళ్లో తల పెట్టుకుని పాలు తాగుతున్నాడు. సాయంత్రం మా మాటలు పాప వింటూనే ఉందని అప్పుడు తెలిసింది.

"అమ్మా, లైటు తాతయ్యే వేశాడా?"

"నాకు తెలీదమ్మా."

రిబ్బను ముడి వేశాను. తర్వాత తల తిప్పకుండానే అడిగింది. "మరి మావ ఇవాళ కూడా స్తంభం ఎక్కుతాడా?"

వద్దన్నాను అని చెప్పొచ్చు. ఎక్కడు అని చెప్పొచ్చు. చిన్నపిల్లలకు చెప్పే అబద్ధాలు నాకు చాలా వచ్చు.

ఇద్దరి మొహాలూ నా వైపు తిప్పుకుని చెప్పాను. "ఎక్కుతాడు. పని చూసుకుని దిగుతాడు."