కుడివైపు దారి

మా బావ, అంటే మా అక్క భర్త, విశ్వవిద్యాలయం కారు నడపబట్టి ఇరవై రెండేళ్లు. విరాళాలిచ్చే పెద్దమనుషులను స్టేషన్లో ఎక్కించుకుని, కడుపులో చల్ల కదలకుండా తీసుకురావడం ఆయన పని. వాళ్లతో సంబంధాలు పెంచుకునే ఆఫీసులో నేను టైపిస్టుని. మా డైరెక్టరు గారు బావకు పెట్టిన ఆంక్ష ఒక్కటే: గేటు దాటాక ఎడమకే తిరగాలి. అటు పూలతోట, గ్రంథాలయం ఉన్నాయి. కుడివైపు ఆడపిల్లల హాస్టలుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట మా ఆఫీసును చూసే పుట్టి ఉంటుంది.

అక్కావాళ్ల ఇల్లు దూరపు పల్లెలో, బావ పడక కారు షెడ్డులో; అందుకే ఆ హాస్టల్లోనే నా మేనకోడలుండేది. కప్పు కారి, రెండు వానాకాలాలు తడి పరుపు మీదే పడుకుంది. ఛాతీలో నెమ్ము చేరింది. మళ్లీ తడిస్తే ప్రాణం మీదికొస్తుంది, చదువు మాన్పించి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. బావ డైరెక్టరు గారి కాళ్లావేళ్లా పడ్డాడు. కప్పుకు ఇచ్చే దాత దొరకలేదు, చూద్దాం అన్నారాయన. చూపిస్తే కదా దొరికేది!

ఆ వేసవిలో ఒక పెద్ద వ్యాపారిని తీసుకొస్తూ, నోట్లో నాలుక లేని మా బావ కారును కుడికి తిప్పాడు. వెనక సీట్లో డైరెక్టరు గారు దగ్గారు. బావ వినపడనట్టే హాస్టలు ముందు ఆపి, టైరు చూస్తానని దిగాడు. వ్యాపారి అద్దం దించి, కప్పు మీద కప్పిన చిరిగిన టార్పాలిన్ పట్టాలను చాలాసేపు చూశాడు.

"అబ్బే, చూడలేకపోతున్నానండీ. దీనికేదో నేనే చేస్తాను," అన్నాడు.

బావ ఆ మాట కూతురికి చెప్పి, నా దగ్గరికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ నమ్మాను. అదీ నా తెలివి.

రెండు నెలలు తిరిగేసరికి హాస్టలు ముందు నిలువెత్తును మించిన గోడ లేచింది. రోడ్డు మీంచి చూస్తే కప్పు కనబడదు. గోడ మీద ఇత్తడి అక్షరాలతో వ్యాపారి పేరు. మరి కప్పు సంగతేమిటని అడిగితే, ఇచ్చినదానికి వంక పెడితే సంబంధం చెడుతుందన్నారు డైరెక్టరు గారు. కృతజ్ఞతాపత్రం నాచేతే టైపు చేయించారు. సిగ్గు లేకుండా చేశాను.

తొలి వానకే పిల్ల మంచం తడిసింది. బావ దాని పెట్టె మోసుకుని బయటికొచ్చాడు. పిల్ల గోడ దగ్గర ఆగింది.

"బాగా కట్టారు నాన్నా. ఒక్క చుక్క కూడా కారట్లేదు."

బావ పెట్టెను భుజం మార్చుకున్నాడు.

ఇప్పుడు అతిథులను కుడివైపే తెమ్మంటున్నారు డైరెక్టరు గారు. దాతల పేర్లు ఎంత గౌరవంగా నిలబెడతామో వాళ్లు చూడాలట. గోడ దగ్గరికి రాగానే బావ కారు నెమ్మది చేస్తాడు, వాళ్లు ఆ పేరు చదువుకోవడానికి.